జల్లెడ చేసేవాడు కావలెను

పెళ్ళి శుభలేఖలకీ, ఖరీదైన డైరీలకీ చేతికాగితం వాడటం ఈ రోజుల్లో ఫాషనైపోయింది. అంచులు చింపినట్టు గరుకుగా ఉంటాయి, మధ్యలో పూలరేకులూ గడ్డిపోచలూ అతుక్కుని ఉంటాయి, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సరే, ముచ్చటపడి కొనుక్కుంటాం. కానీ కొనేవాళ్ళు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ కాగితం చేసే పనిముట్టు ఎక్కడ దొరుకుతుంది? దాన్ని ఎవరు చేస్తారు?

ఇదేం ప్రశ్న అనకండి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఒకాయన దాదాపు జీవితమంతా దేశదేశాలూ తిరిగాడు. పేరు డార్డ్ హంటర్, అమెరికావాడు. ఇంటిపేరుకి తగ్గట్టు వేటగాడే, కాకపోతే ఆయన వేటాడింది జింకల్నీ పులుల్నీ కాదు, కాగితం జల్లెడల్ని. ఆయన కథ చెప్పుకుంటే మన కోరుట్ల దాకా వస్తుంది. అందుకే చెప్పుకుందాం.

ముందు ఆ పనిముట్టు సంగతి. నానిన గుడ్డపీలికల్నో, చెట్టు బెరడునో దంచి దంచి గుజ్జు చేస్తారు. దాన్ని తొట్టెడు నీళ్ళలో కలుపుతారు. ఒక చట్రాన్ని అందులో ముంచి పైకెత్తితే నీళ్ళు కారిపోతాయి, గుజ్జు పలచగా పైన నిలబడుతుంది. అదే కాగితం. వినడానికి మన వంటింటి జల్లెడలాగే ఉంది కదా! తేడా ఎక్కడంటే, వంటింటి జల్లెడ కొంచెం ఎగుడుదిగుడైనా పిండి జల్లిస్తుంది. ఈ జల్లెడలో ఒక్క తీగ వంకరపోతే ఆ వంకర వేల కాగితాల మీద అచ్చవుతుంది.

యూరప్‌లో దీన్ని మోల్డ్ అంటారు. చుట్టూ గట్టి చెక్క చట్రం, మంచివాటికైతే మహాగనీ. చట్రానికి అడ్డంగా సన్నటి పైన్ చెక్క కమ్ములు. వాటిమీద ఒకదాని పక్కన ఒకటి వరసగా పరిచిన రాగి లేదా ఇత్తడి తీగలు, అంగుళానికి సుమారు పాతిక. ఆ తీగలన్నిటినీ ఇంకా సన్నటి తీగతో నేసినట్టు కుట్టి కట్టాలి. రోజంతా నీళ్ళలో మునిగి తేలే చెక్క వంగకూడదు, ఉబ్బకూడదు. గుజ్జు పక్కలకి జారిపోకుండా చట్రం మీద ఊడదీయడానికి వీలుగా ఇంకో చట్రం కూర్చుంటుంది, దాని పేరు డెకిల్. శుభలేఖల మీద మనం ముచ్చటపడే ఆ గరుకు అంచు, డెకిల్ సందులోంచి కారిన గుజ్జు గుర్తే. ఒకప్పుడు తప్పించుకోలేని లోపం, ఇప్పుడు దానికి విడిగా డబ్బులు కడుతున్నాం :)

గమనించాల్సింది ఏంటంటే, కాగితం చేసేవాడు వేరు, మోల్డ్ చేసేవాడు వేరు. కాగితం పనివాడికి తీగ లాగడం రాదు, మోల్డ్ చేసేవాడికి తొట్టి దగ్గర నిలబడి చట్రం ఊపడం రాదు. ఊళ్ళో వందమంది కాగితం చేస్తుంటే, వాళ్ళందరికీ మోల్డులు చేసి పెట్టేది ఒకరో ఇద్దరో. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఊరంతా వాడే లైబ్రరీని ఎక్కడో ఒక మూల ఒక్కడు మెయింటెయిన్ చేస్తుంటాడు. వాడికి జ్వరమొస్తేగానీ అలాంటివాడు ఒకడున్నాడని ఎవరికీ తెలీదు.

అమెరికా వాళ్ళకి ఆ సంగతి 1776లో తెలిసొచ్చింది. జూలైలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఇంగ్లండుతో యుద్ధం నడుస్తోంది, అక్కణ్ణుంచి సరుకు రాదు. కొత్త దేశానికి కరెన్సీ నోట్లు కావాలి, తూటాలు చుట్టడానికి కాగితం కావాలి. కాగితం మిల్లులున్నాయి, పనివాళ్ళున్నారు. మోల్డులు చేసేవాడు మాత్రం తుపాకీ భుజానేసుకుని సైన్యంలోకి వెళ్ళాడు! ఆయన పేరు నేథన్ సెల్లర్స్, ఫిలడెల్ఫియా దగ్గరివాడు, వయసు దాదాపు పాతికేళ్ళు. తీగని సాపుగా లాగి మోల్డు కట్టడంలో చేయి తిరిగినవాడు. ఆ ఆగస్టులో సాక్షాత్తూ కాంటినెంటల్ కాంగ్రెస్ కూర్చుని తీర్మానం చేసింది, ఫలానా నేథన్ సెల్లర్స్‌ని సైన్యం నుంచి విడుదల చేసి ఇంటికి పంపాలి, కాగితం మోల్డులూ దానికి కావలసిన సామాన్లూ తయారు చేయాలి అని. ఒక దేశపు పార్లమెంటు యుద్ధం మధ్యలో ఒక జల్లెడ చేసేవాడి గురించి తీర్మానం చేసిందంటే, ఆ పని విలువ ఇంకెలా చెప్పాలి?

అలాంటి పనిని మిషను మింగేసింది. 1799లో ఫ్రాన్స్‌లో నికొలా లూయీ రాబేర్ అనే ఆయన ఆగకుండా తిరిగే తీగవల మీద కాగితం తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1803 కల్లా దాన్ని ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరుల డబ్బుతో నడిపించారు. కాగితం బిళ్ళలు బిళ్ళలుగా కాక చాపలా పరుచుకుంటూ రావడం మొదలైంది. వందేళ్ళు తిరిగేసరికి అమెరికాలో చేతికాగితం మిల్లు ఒక్కటి కూడా మిగల్లేదు. మిల్లు లేనిచోట మోల్డు కొనేవాడెవడు? కొనేవాడు లేనిచోట చేసేవాడెవడు?

సరిగ్గా అప్పుడొచ్చాడు డార్డ్ హంటర్. 1883లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి పత్రిక నడిపేవాడు కాబట్టి అచ్చు వాసన చిన్నప్పటి నుంచీ తెలుసు. 1911 ప్రాంతంలో లండన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి సైన్స్ మ్యూజియంలో పాత పనిముట్లు చూశాడు. అక్షరాలు పోతపోసే చేతి అచ్చులు, కాగితం మోల్డులు. చూసినవాళ్ళందరూ చూసి ఇంటికెళ్ళారు. ఈయనకి మాత్రం పురుగు దొలిచింది. మొత్తం పుస్తకం నేనొక్కణ్ణే చేస్తే? కాగితం నేనే తీసి, అక్షరాలు నేనే చెక్కి పోతపోసి, నేనే అచ్చేస్తే?

1912లో అమెరికా తిరిగొచ్చి, న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున మార్ల్‌బరో అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. పక్కన వాగు మీద నీటిచక్రంతో బుల్లి కాగితం మిల్లు పెట్టాడు. 1915లో, 1916లో రెండు పుస్తకాలు తెచ్చాడు. రాసింది వేరేవాళ్ళే గానీ వాటిలో కాగితం, అక్షరాలు, అచ్చు అన్నీ ఆయన చేతివే. ఆ తర్వాత కూడా తన పుస్తకాలు కొన్ని తనే అచ్చేశాడు.

ఇక్కడితో ఆగి ఉంటే హంటర్‌ని ఒక తిక్క కళాకారుడిగా మాత్రమే చెప్పుకునేవాళ్ళం. కానీ ఆయనకి ఒకటి అర్థమైంది. పనిముట్టు బొమ్మ చూసి చేయడం వేరు, ఆ పనిముట్టుతో పుట్టి పెరిగినవాడి పక్కన నిలబడి చూడటం వేరు. అందుకే 1920ల చివర్లో కనెక్టికట్‌లో లైమ్ రాక్ అనేచోట పెద్ద చేతికాగితం మిల్లు పెట్టాలనుకున్నప్పుడు, ఇంగ్లండు నుంచి సామాన్లొక్కటే తెప్పించుకోలేదు. తరతరాలుగా అదే పనిచేస్తున్న రాబర్ట్‌సన్ అనే కాగితం పనివాళ్ళ కుటుంబాన్ని, తండ్రినీ కొడుకుల్నీ కలిపి, ఓడెక్కించి తెచ్చుకున్నాడు. 1930లో వాళ్ళొచ్చారు. సరిగ్గా మహా మాంద్యం కూడా అప్పుడే వచ్చింది. కొన్నేళ్ళలోనే మిల్లు మూతపడింది.

డబ్బు పోయింది గానీ వేట ఆగలేదు. కాగితం పుట్టింది ఆసియాలో కదా, అక్కడ చూద్దాం అని బయల్దేరాడు. చైనా, జపాన్, కొరియా, సయాం (ఇప్పటి థాయిలాండ్), 1937 ప్రాంతంలో మన దేశం. ప్రతిచోటా ఊరూరా తిరిగి కాగితం చేసేవాళ్ళని పట్టుకోవడం, వాళ్ళ జల్లెడ కొనుక్కోవడం, ఎలా చేస్తారో రాసుకోవడం, ఫోటో తీసుకోవడం.

ఆ తిరుగుడులో ఆయనకి జల్లెడల వంశవృక్షం దొరికింది. అన్నిటికన్నా పాతరకం అని ఆయన తేల్చింది, చట్రానికి బిగించిన గుడ్డ. గుజ్జు దానిమీద పోసి, గుడ్డతోసహా ఎండలో ఆరబెట్టాలి. ఆరేదాకా జల్లెడ ఖాళీ అవదు. రోజుకి వంద కాగితాలు కావాలంటే వంద జల్లెడలుండాలి. తర్వాత ఎవరో ఒక మహానుభావుడికి, ఏ దేశమో ఏ ఊరో తెలీని మనిషికి, అద్భుతమైన ఆలోచన వచ్చింది. గుడ్డ బదులు చాపలా చుట్టుకునే సన్నపుల్లల తెర పెడితే? తడికాగితం తెరకి అంటుకుని ఉండగానే తెరని చట్రం మీంచి ఎత్తి, బోర్లించి, మెల్లగా ఒలిచేయొచ్చు. కాగితం కిందుంటుంది, తెర చేతికొస్తుంది, మళ్ళీ ముంచొచ్చు. ఒక్క తెరతో రోజుకి వందల కాగితాలు. నా దృష్టిలో కాగితం చరిత్రలో అసలైన విప్లవం ఇదే. గుజ్జు కనిపెట్టినవాడికి దక్కిన పేరు, ఈ చాప కనిపెట్టినవాడికి దక్కలేదు.

చైనాలో, జపాన్‌లో ఆ తెర వెదురు పుల్లలది. మన దేశంలో గడ్డిపుల్లలది. నున్నగా ఉండే గడ్డికాడల్ని వరసగా పేర్చి, గుర్రం తోక వెంట్రుకలతో అల్లేవారు. చాప్రీ అంటారు దాన్ని. డెకిల్ లేదు, తెర అంచుల మీద రెండు కర్రలు అదిమిపట్టుకుంటే చాలు. యూరప్‌లోలాగా ప్రతి తడికాగితానికీ మధ్య ఉన్నిగుడ్డ పరవక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి నేరుగా వేసుకుంటూ పోవడమే. తర్వాత ఎండబెట్టి, గంజి పట్టించి, నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. కలం జారాలి కదా మరి. ఈ పనిచేసే ముస్లిం కుటుంబాలని కాగజీలు అంటారు. కాల్పీ, సాంగానేర్, జున్నార్, దౌలతాబాద్ పక్కన కాగజీపురా, ఇలా దేశంలో చాలాచోట్ల వాళ్ళ పేటలుండేవి. హంటర్ ఇక్కడ చూసిందంతా 1939లో పుస్తకంగా తెచ్చాడు, ఆ కాగితాల నమూనాలు కూడా అందులో అతికించి.

మరి మన దగ్గర? తెలంగాణలో కోరుట్ల ఉంది. అప్పట్లో నిజాం రాజ్యం, తర్వాత కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. కోరుట్లలో ముతక కాగితం తయారయ్యేదని, పట్వారీలు లెక్కల పుస్తకాలకి దాన్నే వాడేవారని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చైన గెజిటీర్లలో ఉంది. అంటే మన తాతముత్తాతల భూముల లెక్క, శిస్తు లెక్క, ఎవరి చెలకెంత, ఎవరి తరికెంత, అంతా ఆ గడ్డిచాప మీంచి దిగిన కాగితం మీదే. తాటాకు మీద గంటంతో రాసుకున్న రోజుల గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, పద్యాలున్నాయి కాబట్టి. లెక్కలు రాసిన కాగితం గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు. మాటలు మాత్రం మిగిలాయి. కాగితం, దస్తా, దస్తావేజు, మూడూ పారసీ నుంచి వచ్చినవే. దస్తా అంటే ఒక చేతికి పట్టేటంత కట్ట. పిల్లలకి దస్తా కాగితాలు కొనిచ్చేటప్పుడు ఆ చెయ్యి ఎవరిదా అని మనకి తట్టదు.

ఇప్పుడు కొంచెం వాదనలోకి దిగుతాను.

గాంధీగారి ప్రోద్బలంతో 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం పుట్టింది. కుమారప్ప గారు దాన్ని నడిపారు. వాళ్ళు చేయిపెట్టిన పరిశ్రమల్లో చేతికాగితం ఒకటి. 1940లో పూనాలో దానికో సంస్థ కూడా వెలిసింది. తర్వాత ఖాదీ కమిషన్ వచ్చింది, సాంగానేర్‌లో కుమారప్ప గారి పేరుమీద జాతీయ సంస్థ వచ్చింది. వాళ్ళ పుణ్యమా అని ఈ రోజు దేశంలో చేతికాగితం పరిశ్రమ బతికుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ బతికింది కాగితం. చాప్రీ స్థానంలో చాలాచోట్ల చెక్కచట్రానికి బిగించిన లోహపు వల వచ్చింది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరైనా మార్చుకోవచ్చు. పొట్ట నిండాల్సినవాళ్ళని "మీరు గుర్రం వెంట్రుకల చాపతోనే చెయ్యండి" అనడానికి మనమెవరం? వాళ్ళు చేసింది సబబే. అయితే ఆ మార్పులో ఒక పని చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది, గడ్డిపుల్ల ఏరి చాప అల్లేవాడి పని. పరిశ్రమని కాపాడాం అని రిపోర్టుల్లో రాసుకున్నప్పుడు ఆయన ఏ లెక్కలోకీ రాలేదు.

మ్యూజియంలో ఒకటి ఉంటే చాలు కదా అంటారు కొందరు. హంటర్ పోగేసిన వస్తువులతో 1939లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో మ్యూజియం పెట్టారు. 1954లో అది విస్కాన్సిన్‌కి, 1989లో అట్లాంటాకి మారింది. ఇప్పుడు జార్జియా టెక్‌లో ఉంది. ఆ యూనివర్సిటీలో మన తెలుగు కుర్రాళ్ళు ఎంతమంది చదువుకుంటారో చెప్పక్కర్లేదు, వీలైతే ఒకసారి తొంగిచూడండి. మ్యూజియం ఉండాల్సిందే. కానీ అద్దాల వెనక జల్లెడ ఏం చెబుతుంది? అది ఎగ్జిక్యూటబుల్ ఫైలు లాంటిది. సోర్సు కోడు చేతుల్లో ఉంది. ఏ నెలలో గడ్డి కోయాలి, ఎంత ఎండాలి, వెంట్రుక ఎంత బిగించాలి, ఇవన్నీ చాప మీద రాసి ఉండవు.

దీన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది జపాన్ వాళ్ళు. వాళ్ళ వెదురు తెరలో ఒక్కో పుల్ల అగ్గిపుల్ల కన్నా బాగా సన్నం. పొడుగు చాలకపోతే రెండు పుల్లల చివర్లు ఏటవాలుగా చెక్కి కలిపి, సరిగ్గా ఆ అతుకు మీదే పట్టుదారం ముడిపడేలా కట్టాలి. 1970లు వచ్చేసరికి పుల్లలు చీల్చేవాళ్ళు, దారం పేనేవాళ్ళు, తెర అల్లేవాళ్ళు తగ్గిపోతున్నారని గమనించి, 1976లో పనిముట్లు చేసేవాళ్ళ కోసమే విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వం ఆ విద్యని కాపాడాల్సిన విద్యగా గుర్తించింది. కాగితానికి కాదండీ, కాగితం పనిముట్టుకి! దాదాపు ఆ రోజుల్లోనే టిమొతీ బారెట్ అనే అమెరికా కుర్రాడు జపాన్ వెళ్ళి రెండేళ్ళు నేర్చుకున్నాడు. 1983లో పుస్తకం రాస్తూ కాగితం ఎలా తీయాలో చెప్పి ఊరుకోలేదు, ఆ పనిముట్లు ఎలా చేసుకోవాలో కూడా చెప్పాడు. హంటర్ వేటకి అసలైన వారసత్వం అది.

ఇటు ఇంగ్లండు చూడండి. రికార్డులకీ మ్యూజియంలకీ కొదవలేని దేశం. అక్కడ హెరిటేజ్ క్రాఫ్ట్స్ అసోసియేషన్ అనే సంస్థ 2017లో మొదటిసారి చేతివృత్తుల రెడ్ లిస్ట్ ప్రకటించింది. 2019 నాటి జాబితాలో, అంతరించిపోయినవి అని నాలుగింటిని రాసింది. క్రికెట్ బంతి తయారీ, బంగారు రేకు సాగగొట్టడం, లక్రాస్ కర్ర తయారీ, నాలుగోది కాగితం మోల్డ్, డెకిల్ తయారీ. హంటర్ పనిముట్లు తెప్పించుకున్న దేశంలోనే! బ్రిటన్ బయట ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే.

పోతే ఏం, దీనివల్ల లోకానికొచ్చే నష్టమేంటి అని అడిగేవాళ్ళుంటారు. ఒక్క ఉదాహరణ చెప్తాను. కాన్‌స్టాన్స్ మిస్సల్ అని ఒక పాత క్రైస్తవ పూజాగ్రంథం ఉంది. ముద్రించిన తేదీ దాంట్లో లేదు. అది గూటెన్‌బెర్గ్ బైబిల్ కన్నా ముందు అచ్చైందని, అంటే యూరప్‌లో మొట్టమొదటి అచ్చుపుస్తకం అదేనేమో అని దశాబ్దాలపాటు పండితులు కొట్టుకున్నారు. అక్షరాలు చూసి వాదించుకుంటే తేలలేదు. చివరికి ఆలన్ స్టీవెన్‌సన్ అనే ఆయన అక్షరాలు వదిలేసి కాగితం చూశాడు. తొట్టి దగ్గర మోల్డులు ఎప్పుడూ జంటగా వాడతారు, ఒకదాని మీంచి కాగితం దించుతుంటే రెండోది ముంచుతారు. వాటర్‌మార్కు బొమ్మని తీగతో చేసి మోల్డు మీద కుడతారు కాబట్టి, వాడేకొద్దీ కుట్లు వదులై బొమ్మ కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది, వంగుతుంది. ఆ జరుగుడు కాగితంలో పడుతుంది. తేదీ తెలిసిన వేరే పుస్తకాల్లో అవే జంట మోల్డుల గుర్తులు వెతికి పోల్చి, అది 1473 నాటిదని తేల్చాడు. 1967లో పుస్తకమే రాశాడు. అంతపెద్ద తగువు తీర్చింది ఒక జల్లెడ మీది వదులైన కుట్టు! మోల్డు ఎలా చేస్తారో, ఎలా అరుగుతుందో తెలిసిన విద్య మిగిలి ఉండబట్టి ఆ సాక్ష్యం చదవగలిగారు.

మన సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉంది. ఏ పాత పెట్టెలోనో అడుగున మడతలుపడి, చెదలు తినగా మిగిలిన దస్తావేజు ఉంటే, చించకుండా మెల్లగా విప్పి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. ఏ గీతా లేకుండా పాలలా ఒకేలా ఉంటే మిల్లు కాగితం కావచ్చు, యూరప్ నుంచి వచ్చిన సన్నవల కాగితం కావచ్చు. గీతలు రూళ్ళకర్రతో గీసినంత తిన్నగా, మధ్యలో ఏ ఇంగ్లీషు పేరో కిరీటమో కనిపిస్తే అది ఓడలో వచ్చిన తీగజల్లెడ కాగితం. అలాకాక గీతలు దగ్గరదగ్గరగా, కాస్త వంకరటింకరగా, ఒకటి లావు ఒకటి సన్నంగా ఉండి, వాటికి అడ్డంగా కట్ల జాడలు ఎడంగా కనిపిస్తే, అవి గడ్డిపుల్లలు. ఆ అడ్డజాడలు వెంట్రుక ముళ్ళు.

అలాంటిది దొరికితే మాత్రం లామినేషన్ చేయించకండి. ఫోటో తీసి, ఆ ఊరి పేరూ, దస్తావేజు తేదీ పక్కన రాసిపెట్టుకోండి. కోరుట్ల, జగిత్యాల వైపు పెద్దవాళ్ళెవరైనా ఉంటే, కాగితం పనివాళ్ళ గురించి కాదు, ఆ చాప అల్లేవాళ్ళ గురించి అడగండి. అడిగితే గుర్తు చేసుకుని చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే అడగాలి.